వేడిమి, కాంతి: ఎండ నుంచి చర్మరక్షణ చరిత్రలో ఒక పొరపాటు

తెలుగులో వడదెబ్బ వేరు, ఎండకు చర్మం కమలడం వేరు. ‘వడ’ అన్న మాట వేడిమిని చెబుతుందే తప్ప సూర్యుణ్ణి చెప్పదు. ఇంగ్లీషులో మాత్రం ‘సన్‌స్ట్రోక్’, ‘సన్‌బర్న్’ రెండింటికీ సూర్యుడి పేరే ఉంది. పేర్లనుబట్టి శాస్త్రాన్ని అంచనా వేయడం సరికాదు గానీ, వేడిమి చేసే హానినీ కాంతి చేసే హానినీ కలగలపడం వలసకాలపు ఉష్ణమండల వైద్యంలో చాలాకాలం సాగింది.

ఈ రెండింటినీ విడదీసే ప్రయోగం అప్పటికే జరిగి ఉండటం గమనార్హం. లండన్ శస్త్రవైద్యుడు ఎవరార్డ్ హోమ్ తన రెండు చేతులనూ మధ్యాహ్నపు ఎండలో ఉంచాడు. ఒక చేతిని నల్లగుడ్డతో కప్పి, రెండోదాన్ని అలాగే వదిలాడు. గుడ్డ కింద ఉష్ణోగ్రత ఎక్కువగా నమోదైంది. అయినా కమలింది కప్పని చెయ్యే. 1821లో రాయల్ సొసైటీ ప్రచురించిన ఈ ఫలితం ప్రకారం చర్మాన్ని కాల్చేది ఒట్టి వేడిమి కాదు. జర్మనీలో రిట్టర్ 1801లోనే అతినీలలోహిత కిరణాలను కనుగొన్నా, చర్మం ఎర్రబడటానికి అవే కారణమని స్వీడన్‌లో విడ్‌మార్క్ నిరూపించేసరికి 1889 వచ్చింది.

ఈలోగా పాలకుల భయమంతా తల మీద, వెన్ను మీద నిలిచింది. నీటిజీలుగు బెండుతో చేసిన సోలా టోపీ తెల్లవారి అధికారచిహ్నమైంది. వెన్నెముకను ఎండ నుంచి కాపాడేందుకు చొక్కాకు మెత్తలు కూడా కుట్టించుకున్నారు. అమెరికన్ సైనిక వైద్యుడు చార్లెస్ వుడ్రఫ్ 1905 నాటి తన గ్రంథంలో ఉష్ణమండలపు కాంతి తెల్లవారి నాడీవ్యవస్థనే చెరుస్తుందని వాదించాడు. దీన్ని పరీక్షించడానికి ఫిలిప్పీన్స్‌లో ఐదువందల మంది అమెరికన్ సైనికుల చేత నారింజ-ఎరుపు లోదుస్తులు తొడిగించారు. 1910లో వెలువడిన నివేదికలో వాటివల్ల మేలేమీ కనిపించలేదు సరికదా, ఒళ్లు మరింత వేడెక్కిందని తేలింది. శరీరాన్ని చల్లబరచవలసిన చోట కాంతిని ఆపబోయారు. కాంతిని ఆపవలసిన మెడ, ముంజేతుల సంగతి ఎవరికీ పట్టలేదు.

పట్టించుకున్నవారు చర్మవైద్యులు. వారు చూసింది అధికారులను కాదు, ఆరుబయట కష్టపడేవారిని. 1894లో జర్మన్ వైద్యుడు ఉన్నా నావికుల చర్మంలోని మార్పులను, వాటిమీద లేచే క్యాన్సర్‌ను వర్ణించాడు. ఆ వెంటనే ఫ్రాన్స్‌లో దుబ్రోయ్ బోర్డో ద్రాక్షతోటల కూలీలలో ఇదే గమనించాడు.

చికిత్స చరిత్ర మాత్రం చిన్నది. చర్మం కమలడం ఎండలో ఉన్నప్పుడు పూర్తిగా కనిపించదు. కొన్ని గంటల తరువాతగానీ ఎరుపు ముదరదు. అప్పటికి కణాలకు జరగవలసిన హాని జరిగిపోయి ఉంటుంది. చల్లని తడిగుడ్డ, తగినంత నీరు, కాలమైన్, నొప్పిమాత్ర, బొబ్బలు చిదపకపోవడం: ఇవన్నీ ఉపశమనాలే. జరిగిన హానిని వెనక్కి తిప్పే మందు లేకపోవడం వల్లనే ఇరవయ్యో శతాబ్దిలో నివారణకు ప్రాధాన్యం పెరిగింది.

చర్మాన్ని ఏ తరంగదైర్ఘ్యం ఎంతగా ఎర్రబరుస్తుందో 1922లో హౌసర్, వాలే కొలిచారు. తరువాత షుల్జే, గ్రైటర్‌ల కృషితో లేపనం రక్షణశక్తిని తెలిపే ఎస్‌పీఎఫ్ అంకె రూపొందింది. లేపనం పూసిన చర్మం ఎర్రబడటానికి కావలసిన కాంతిమోతాదు, పూయని చర్మానికి కావలసినదానికి ఎన్ని రెట్లో ఈ అంక తెలుపుతుంది. అంటే కొలబద్ద ఎరుపే. ఎరుపు స్పష్టంగా కనిపించేది లేతరంగు చర్మం మీద. ఫిట్జ్‌ప్యాట్రిక్ 1975లో ప్రతిపాదించిన చర్మ వర్గీకరణ కూడా మొదట తెల్లచర్మానికే పరిమితం. గోధుమ, నలుపు వర్ణాలు అందులో ఆ తరువాత చేరాయి.

నల్లని చర్మం ఎండకు కవచమన్నది హోమ్ తన పత్రానికి పెట్టిన శీర్షికలోనే ఉన్న మాట. అది నిజమే, కొంతవరకు. 1979 నాటి ఒక కొలతలో నల్లని చర్మపు పైపొర అతినీలలోహిత-బి కిరణాల నుంచి ఇచ్చే రక్షణ సుమారు 13గా, తెల్లచర్మానిది సుమారు 3గా తేలింది. పదమూడు తక్కువేమీ కాదు. అయితే సంపూర్ణ కవచమూ కాదు. పైగా తెలుగునాట చర్మవైద్యుల దగ్గరకు తరచుగా వచ్చే మంగుమచ్చలను అతినీలలోహితంతోపాటు కంటికి కనిపించే కాంతి కూడా ముదురుస్తుంది. ఎస్‌పీఎఫ్ లెక్కలోకి రాని ఆ కాంతిని ఆపడానికి నేటి లేపనాలలో ఐరన్ ఆక్సైడ్ కలుపుతున్నారు. ఎర్రకావికి రంగునిచ్చేది అదే.