పుస్తకమునకు పేరు వ్రాయువారు

బైరెడ్డిపల్లె నుండి ఉత్తరముగా సాగినవారికి పుంగనూరును, దానికావల మదనపల్లెయు, నైరృతికి మరలినవారికి కుప్పమును తగులును. కుప్పపు దారి పట్టినవారికి తెలుగుతోబాటు కన్నడమును, తమిళమును చెవిని బడకమానవు. ఇట్టి సీమలో గ్రంథాలయము నడుపువానికి పుస్తకములను సేకరించుటకంటె, వాని పేళ్లను చదువరికి చిక్కునట్లు వ్రాసియుంచుటయే కష్టతరమైన పని. ఆ పనిని మనవారు నూరేండ్లకు పైబడి ఎట్లు నేర్చుచు వచ్చిరో, క్రొత్త పనిముట్టు చేతికి వచ్చినపుడెల్ల ఎచ్చట తడబడిరో తెలుపుటయే నా ఉద్దేశము.

1914లో బెజవాడయందు అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము వెలసిన కాలమున, ఊరి గ్రంథపాలకుడనగా పెక్కుచోట్ల జీతమెఱుగని సేవకుడే. పగలెల్ల తన వృత్తి చూచుకొని, సాయంకాలము బీరువా తాళము తీయువాడు. అతని సాధనము బైండు చేయించిన రిజిస్టరొక్కటే. పుస్తకములు వచ్చిన వరుసలోనే అందు ఎక్కుచుండెను గనుక, ఫలానా గ్రంథము కలదా యని యడిగినచో అతని జ్ఞాపకము చెప్పవలసినదే గాని రిజిస్టరు చెప్పజాలదు. అతడు ఊరు మారినచో గ్రంథాలయమునకే మతిమరుపు వచ్చినట్లగును.

అప్పుడు మన చిత్తూరు జిల్లా చెన్నరాజధానిలోనిది. కావున ఈ విద్యలో మార్పు మనకు కృష్ణాతీరమునుండి కంటె చెన్నపట్టణమునుండియే ఎక్కువగా వచ్చినదనుట న్యాయము. ప్రెసిడెన్సీ కళాశాలలో గణితము బోధించుచుండిన ఎస్. ఆర్. రంగనాథన్‌గారు 1924లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు గ్రంథపాలకులై, లండనులో శిక్షణము పొంది వచ్చి, 1929లో మద్రాసు గ్రంథాలయ సంఘము పక్షమున వేసవి పాఠశాల నెలకొల్పిరి. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తును గ్రంథాలయ శాస్త్రమును బోధింప మొదలిడెను. 1948 నాటి మద్రాసు పౌరగ్రంథాలయ చట్టము ఇంటిపన్నుతోబాటు గ్రంథాలయ పన్నును విధించుటతో జిల్లా సంస్థలకును, శాఖలకును ఆదరువు కలిగెను.

రిజిస్టరుకు మారుగా కార్డుల సొరుగు వచ్చుట చూచుటకు స్వల్పము. అయిదంగుళముల అట్టముక్కలు, అడుగున నొక రంధ్రము, అందు దూర్చిన ఇనుప చువ్వ. కాని అందులో ఎంత వివాదము! తెలుగువానికి ఇంటిపేరు ముందుండును. విశ్వనాథ సత్యనారాయణగారిని 'వి' క్రింద వెదకవలెనా, 'స' క్రింద వెదకవలెనా? వేంకటమునకు దీర్ఘముండవలెనా? పాశ్చాత్యుల సూత్రములు ఇట్టి చిక్కులకు సమాధానము చెప్పలేదు. గ్రంథపాలకుడు ఒక పద్ధతిని నిర్ణయించుకొని, తక్కిన రూపములనుండి దారి చూపు కార్డులను ఓపికతో వ్రాయవలసివచ్చెను. ఆ దారి చూపు కార్డే ఈ వృత్తి యొక్క నిజమైన ప్రతిభయని నా అభిప్రాయము.

తరువాత యంత్రము వచ్చెను. 2002లో హ్యూలెట్ పాకర్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వముతో గూడి కుప్పమునందు 'ఐ-కమ్యూనిటీ' యను ప్రయత్నము నారంభించి, సమాచార కేంద్రములలో స్థానికుల చేతికి కంప్యూటరు నిచ్చెను; అవి గ్రంథాలయములు కాకపోయినను, పల్లెవాడు అడిగిన సంగతిని తెరపై వెదకియిచ్చు విద్యను ఈ సీమవారికి నేర్పినవి.

పుస్తకములనే తెరపైకి తెచ్చు పెద్ద ప్రయత్నమునకు మాత్రము మన జిల్లావాడే మూలపురుషుడు. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారము నందిన రాజ్ రెడ్డిగారి సంకల్పముతో పది లక్షల గ్రంథముల పథకము పుట్టెను. దాని శాఖయగు భారత డిజిటల్ గ్రంథాలయమున వేలకొలది తెలుగు పుస్తకములు స్కాను చేయబడెను. పుటలు చక్కగా ఎక్కెను గాని, పేళ్లు రోమను లిపిలో తోచినట్లు టైపు చేయబడుటచే అనేక గ్రంథములు ఉండియు లేనివయ్యెను. రిజిస్టరు నాటి మతిమరుపే మరల వచ్చినది! ఆ జాలస్థలము తరువాత మూతపడినను, ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవునందు నిలిచినవి; తెలుగు వికీపీడియా కార్యకర్తలు వాని పేళ్లను తెలుగు లిపిలో పట్టికలుగా వ్రాసిరి. అట్ట తీసివేసి దారి చూపు కార్డును వ్రాసినవారు వీరే.

నేడు కోహా, ఇ-గ్రంథాలయ మొదలగు గ్రంథాలయ సాఫ్ట్‌వేరులు గ్రంథపాలకుల చేతికి వచ్చినవి. యూనికోడు వలన తెలుగులో వెదకుటయు సాధ్యమైనది. ఐనను చదువరి 'రామాయణం' అని టైపు చేయగా, పట్టికలో 'రామాయణము' అని మాత్రమే యున్నచో, రెండు రూపములను కలుపు ఏర్పాటు లేని యంత్రము లేదనియే పలుకును. ఒక్క సున్నకై పుస్తకము పోవుచున్నది. వెబ్‌సైటు రంగులు మార్చుటకు ముందు ఈ సున్నను సవరించుట నేర్పవలెను.

పాఠకులు మీ ఊరి గ్రంథాలయమునకు పోయినపుడు మూలనున్న పాత కార్డుల పెట్టె కంటబడినచో, దానిని పాత సామానులవానికి తూచివేయుటకు ముందే అందలి పేళ్లను, దారి చూపు కార్డులతో సహా, కంప్యూటరులోనికి ఎక్కించిరో లేదో ఒక్కమారు అడిగి చూడుడు.