టక్సన్ శరణాలయోద్యమం: సేవ, చట్టం

1982 మార్చి 24న అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, టక్సన్ నగరపు సౌత్‌సైడ్ ప్రెస్బిటేరియన్ చర్చి తాను మధ్య అమెరికా శరణార్థులకు ఆశ్రయస్థానమని బహిరంగంగా ప్రకటించింది. రెండేళ్లకు పూర్వం అదే తేదీన ఎల్ సాల్వడార్‌లో ఆర్చిబిషప్ ఆస్కార్ రొమేరో హత్యకు గురయ్యాడు. ప్రకటనకు ఆ వర్ధంతి దినాన్ని ఎంచుకోవడం గమనార్హం.

జాతి, మతం, రాజకీయాభిప్రాయం వంటి కారణాలచేత పీడనకు గురవుతామన్న సహేతుక భయం గలవారిని 1980 నాటి శరణార్థుల చట్టం రక్షణార్హులుగా గుర్తించింది. అయితే ఎల్ సాల్వడార్ ప్రభుత్వానికి సైనిక సహాయం చేస్తున్న అమెరికా, అక్కడి నుండి వచ్చినవారిని ప్రధానంగా ఆర్థిక వలసదారులుగానే పరిగణించింది. 1984లో సాల్వడార్, గ్వాటెమాలా వాసుల దరఖాస్తులలో నూటికి మూడైనా ఆమోదం పొందలేదు.

ఉద్యమకారుడైన క్వేకర్ జిమ్ కార్బెట్ వాదానికి ఈ వైరుధ్యమే ఆధారం. ఆయన దృష్టిలో ఇది శాసనోల్లంఘన కాదు. ప్రభుత్వం ఉల్లంఘిస్తున్న చట్టాన్ని పౌరులే అమలుపరచడం. 1985–86 నాటి విచారణలో మధ్య అమెరికా పరిస్థితులను, అంతర్జాతీయ చట్టాన్ని ప్రస్తావించే అవకాశాన్ని న్యాయమూర్తి నిరాకరించాడు. పాస్టర్ జాన్ ఫైఫ్ సహా 8 మంది దోషులుగా తేలారు. వారికి కారాగారశిక్ష మాత్రం పడలేదు. కార్బెట్ నిర్దోషిగా విడుదలయ్యాడు.

చర్చిలు 1985లో వేసిన వేరొక దావా 1991లో రాజీతో ముగిసింది. ఈ రెండు దేశాలవారి దరఖాస్తులను పునఃపరిశీలించడానికి, ఆ నిర్ణయాలలో విదేశాంగ విధానాన్ని ప్రమాణంగా తీసుకోకుండా ఉండటానికి ప్రభుత్వం అంగీకరించింది. రహస్యంగా చేసిన సాయం కొందరిని కాపాడింది. బహిరంగ ప్రకటన చట్టం అమలును ప్రశ్నకు నిలిపింది. ఈ ఉద్యమపు చారిత్రక ప్రాముఖ్యం ఆ భేదంలో ఉన్నది.