ఎద్దు వీపు, బైకు వీపు

సూర్యాపేట హైవే మీద హోటల్ ముందు ఆగిన బైకు ప్రయాణికుడు లోపలికెళ్లి టీ చెప్పే ముందు ఒక పని చేస్తాడు. వెనక్కి తిరిగి మూట చూసుకుంటాడు. హైదరాబాద్ నుంచి 130 కిలోమీటర్లు వచ్చేసరికి కుడివైపు సంచి రెండంగుళాలు కిందికి జారి సైలెన్సరుకు తగలబోతోంది. నీళ్ల సీసాలు, పానాలు, పంక్చర్ సామాను అన్నీ ఒకే పక్క కుక్కిన పాపం అది. తాళ్లు విప్పుతాడు. పానాలు ఎడమ సంచిలోకి మారుస్తాడు. మళ్లీ బిగించి, సీటు పట్టుకుని బండిని రెండుసార్లు అటూ ఇటూ ఊపి చూస్తాడు. అప్పుడు టీ.

ఈ నేల మీద ఎడ్ల వీపున ఉప్పు మోసినవాళ్లు మజిలీ మజిలీకీ చేసిందీ ఇదే పని.

ఎద్దు వీపుకు అటొకటి ఇటొకటి వేలాడేలా వేసే జోడు గోనెసంచిని తెలుగులో పెరిక అంటారు. కంటలం అన్నా అదే. ఇవాళ బైకు సామాన్ల దుకాణంలో సాడిల్ బ్యాగు, పానియర్ అని అమ్మే సరుకు దానికి మనవడు. గోనె పోయి నైలాన్ వచ్చింది, మోకు పోయి బకిల్ వచ్చింది. ఆ సంచి పేరే ఒక కులానికి పేరైంది. నల్లగొండ, ఖమ్మం, వరంగల్ వైపు ఇప్పటికీ పెద్దసంఖ్యలో ఉన్న పెరికవారి పాత వృత్తి జనపనారతో గోనెపట్ట నేయడం, ఆ సంచుల్లో ధాన్యం, ఉప్పు నింపుకుని ఎడ్ల మీద ఊరూరా తిరగడం. ఎడ్గర్ థర్స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాల సంపుటాల్లోనూ ఈ పేరుకు గోనెసంచి అనే అర్థమే ఉంది. నేసినవాడే మోసేవాడు కాబట్టి కుట్టు ఎక్కడ విడుతుందో, తాడు ఎక్కడ కోసుకుపోతుందో వాడికి ఇంటి దగ్గరే తెలుసు. ఆన్‌లైన్‌లో సంచి తెప్పించుకున్నవాడికి ఆ సంగతి సూర్యాపేటలో తెలుస్తుంది.

ఎడ్లే ఎందుకు, బండ్లు లేవా అంటే, 17వ శతాబ్దంలో ఈ దారి బండికి లొంగేది కాదు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ గోల్కొండ నుంచి మచిలీపట్నానికి తాను నడిచిన దారిని మజిలీలతో సహా రాసిపెట్టాడు. తిన్నగా పోకుండా కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు వజ్రాల గని మీదుగా పోవడం అతనికి అలవాటు. మజిలీల పేర్లు అతని చేతిలో వంకరపోయినా హయత్‌నగర్, పంతంగి, పానగల్లు మన చెవికి తెలిసిపోతాయి. పానగల్లు దాటి కొల్లూరు చేరాలంటే నేటి సూర్యాపేట, మిర్యాలగూడ చుట్టుపక్కల నేలే దారి. గోల్కొండకు ఒక చిన్న బండిని తెచ్చుకోవడానికి నానా తంటాలు పడ్డాననీ, దారిలో చాలాచోట్ల దాన్ని ఊడదీసి ముక్కలుగా మోయించాల్సి వచ్చిందనీ వాపోయాడు. గోల్కొండకు దక్షిణాన సరుకు కదిలేదంతా ఎడ్ల మీదా, గుర్రాల మీదేనని అతని లెక్క.

ఆ ఎడ్ల గుంపుల పరిమాణం ఇప్పుడు ఊహకందదు. ఒక్కో బిడారులో పది పన్నెండు వేల ఎడ్లు. ఇరుకు దారిలో అది ఎదురైతే మొత్తం దాటేదాకా ప్రయాణికులు రెండు మూడు రోజులు పక్కన ఆగిపోవలసిందే. సంక్రాంతికి కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర గంట ఆగితే గోల చేసే మనం ఆ ఓపికను తలుచుకోవాలి. మోసేవాళ్లలో నాలుగు తెగలున్నాయనీ, ధాన్యం, బియ్యం, పప్పులు, ఉప్పు ఈ నాలుగింటిలో ఒక్కో తెగ ఒక్కటే మోస్తుందనీ టావెర్నియర్ రాశాడు. ఈ బిడారులు బంజారాలవి. నల్లగొండ జిల్లా తండాల్లోని లంబాడీలు వాళ్ల సంతతే.

ఒక్క ఎద్దు మీద బరువు 300 నుంచి 350 ఫ్రెంచి లీవ్రులు. మన లెక్కలో 150 నుంచి 170 కిలోలు. రోజూ ఆఫీసుకు తోలే 125 సీసీ బైకు మొత్తం బరువు కూడా అంత ఉండదు. పక్కకు 80 కిలోల చొప్పున వేలాడుతున్న రెండు సంచుల్లో ఒకటి అయిదు కిలోలు ఎక్కువైతే చాలు, సాయంత్రానికి ఎద్దు వీపు కమిలిపోతుంది. మూడో రోజుకు పుండు. అందుకే రోజూ పొద్దున ఎత్తడం, సాయంత్రం దించడం, సరిచూసి మళ్లీ ఎత్తడం. దించిన సంచులను ఊరికే పడేసేవారు కాదు. గుడారాల చుట్టూ గోడలా పేర్చి దాని లోపల పడుకునేవారు. సామాను వాళ్లకు పగలు బరువు, రాత్రి కోట. సంచుల మీదా, ఎడ్ల అలంకారాల మీదా ఆడవాళ్లు కుట్టిన అద్దాల పని ఇప్పుడు నగరాల్లో భుజానికి తగిలించుకునే బంజారా బ్యాగుగా అమ్ముడవుతోంది.

బండ్లు నడిచే ఉత్తరాది దారుల సంగతీ టావెర్నియర్ చెప్పాడు. సరుకు బండికి నలుగురు కాపలా భటులు. రెండు మోకులు బండి మీదుగా అడ్డంగా వేసి, నాలుగు కొసలూ ఆ నలుగురూ పట్టుకుని నడిచేవారు. గతుకులో బండి ఒక పక్కకు ఒరిగితే అవతలి పక్క ఇద్దరూ మోకులు బిగలాగి నిలబెట్టేవారు. బైకు సీటు మీద పెద్ద సంచి పెట్టి రెండు సాగే తాళ్లను ఇంటూ గుర్తులా బిగించేవాడు చేసేదీ అదే. కాకపోతే నలుగురు భటుల పనీ రెండు ఇనుప కొక్కేలు చేస్తున్నాయి.

మనిషి సొంత సామాను విషయానికొస్తే, ఉన్నవాళ్లు ఒంటరిగా కదలడం ఆ రోజుల్లో వినం. టావెర్నియర్ లెక్క ప్రకారం ప్రయాణానికి కుదుర్చుకున్న మనిషికి అన్నీ కలిపి నెలకు నాలుగు రూపాయలు, అరవై రోజులు దాటితే అయిదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసులో బయల్దేరి హైదరాబాద్ మీదుగా కాశీకి పోయి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరినప్పుడు వెంట సుమారు వందమంది ఉన్నారు. గుడారాలు, వంటపాత్రలు, పల్లకీ, దాన్ని మోసే బోయీలు అన్నీ కలిసి కదిలాయి. పేదవాడు మాత్రం ఎప్పుడూ ఒంటరి ప్రయాణికుడే. భుజాన కావడి, లేకపోతే కర్రకు కట్టిన సద్దిమూట, చేతిలో సొరబుర్రలో నీళ్లు. తక్కువ సామానుతో దూరం పోవడం ఇవాళ గొప్పగా చెప్పుకునే విద్య అయింది గానీ, అప్పుడది గత్యంతరం లేక.

1889లో నిజాం రైలు బెజవాడకు చేరింది. చేరిన దారి వరంగల్, ఖమ్మం మీదుగా. సూర్యాపేట, కోదాడలకు పట్టాలు పడలేదు. పెరికల్లో వచ్చే కోస్తా ఉప్పు వ్యాగన్లలో రాసాగింది. బిడారుకు పనిపోయింది. రైలు స్టేషను లేని సూర్యాపేటకు ఇవాళ్టికీ రోడ్డే దిక్కు. అందుకేనేమో హైవే హోటళ్లు, లారీ మెకానిక్ షెడ్లు అక్కడ అంతగా వేళ్లూనుకున్నాయి.

తర్వాత వచ్చిన వాహనాలన్నీ మనిషికి ఒక విద్య మరిపించాయి. ఎడ్లబండిలో, లారీలో, బస్సులో సామాను ఎటు పడేసినా పోతుంది. 1932 జూన్‌లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైంది. ఆర్టీసీకి మూలం అదే. బస్సు వెనక నిచ్చెన, పైన క్యారియరు. ట్రంకు పెట్టె, పరుపుచుట్ట, బియ్యం మూట, కోళ్ల గంప పైకెక్కించాక ప్రయాణికుడి బాధ్యత తీరిపోయేది. దిగేచోట పెట్టె దొరికితే చాలు. ఏ పక్క ఎంత బరువుందో డ్రైవరూ చూడడు, పైవాడే చూడాలి.

విచిత్రంగా అదే 1932లో రాబర్ట్ ఫుల్టన్ అనే అమెరికా కుర్రాడు డగ్లస్ మోటార్‌సైకిల్ మీద లండన్ నుంచి ఒంటరిగా ప్రపంచయాత్రకు బయల్దేరాడు. మన దేశం మీదుగానే పోయాడు. వెంట సినిమా కెమెరా, వేల అడుగుల రీలు. రివాల్వరు మాత్రం ఎవరికీ కనపడకుండా ఇంజను కింది రేకుల మధ్య దాచాడు. 1937లో వేసిన పుస్తకానికి అతను పెట్టిన పేరును తెలుగులో చెప్పుకుంటే ‘ఒంటిమనిషి బిడారు’. పదివేల ఎడ్లు, వేలమంది మనుషులు, నెలల తిండి, గుడారం, కాపలా ఇవన్నీ కుంచించుకుపోయి రెండు చక్రాల మీద ఒక మనిషి వీపు వెనక్కి చేరాయి. అంతకన్నా మంచి పేరు మరొకరు పెట్టలేరు.

మన వైపు మోటార్‌సైకిల్ యాత్ర కోసం రాలేదు, పాల కోసం వచ్చింది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమకాలువ నీళ్లు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలకు పారాక మాగాణి పెరిగింది, మిర్యాలగూడలో రైసుమిల్లులు లేచాయి, చేతిలో డబ్బు ఆడింది. రాజ్‌దూత్‌లు, బుల్లెట్లు పల్లెకు దిగాయి. వాటి వెనక ఇనుప కమ్మీ బిగించి అటు రెండు, ఇటు రెండు పాలక్యాన్లు తగిలించినవాడు తనకు తెలియకుండానే పెరిక కట్టాడు. క్యాన్లు దించేటప్పుడు అతన్ని గమనించాలి. ఒకే పక్క రెండూ దించడు. అటొకటి, ఇటొకటి. లేకపోతే స్టాండు మీదున్న బండి అమాంతం పక్కకు పడుతుంది. 1980లో టీవీఎస్ 50 వచ్చాక కూరగాయలు, ప్లాస్టిక్ బిందెలు, దుప్పట్లు, కొబ్బరిబోండాలు అన్నీ మోపెడ్ ఎక్కాయి. వాళ్లకు కట్టుతాడు సైకిల్ ట్యూబును నిలువునా చీల్చిన రబ్బరు పట్టీ. సాగుతుంది, జారదు, వానకు నానదు, పంక్చర్ షాపులో దాదాపు ఉచితం. వేల రూపాయల విదేశీ పట్టీలు కొనేవాళ్లు ఒకసారి దీన్ని వాడి చూడొచ్చు.

దూరప్రయాణంలో సామాను సర్దే కిటుకులన్నీ ఈ పాలవాళ్లూ, ఆ ఎడ్లవాళ్లూ కలిసి చెప్పినట్టే ఉంటాయి. బరువైనవి అడుగున, వీలైనంత ముందుకు, రెండు పక్కలా సమానంగా. పానాలు, ట్యూబులు కింద, బట్టలు మీద. వానకోటు అన్నిటికన్నా పైన. అది అడుగున పెట్టినవాడు నకిరేకల్ దగ్గర వాన పట్టుకుంటే రోడ్డు పక్క సంసారమంతా పరుస్తాడు. వెనకచక్రం ఇరుసు దాటి వెనక్కి బరువు పెరిగితే ముందుచక్రం తేలిపోయి హ్యాండిలు వణుకుతుంది. డబ్బూ కాగితాలూ మూటలో కాదు, ఒంటి మీద. పాత బాటసారి వాటిని నడుముకు కట్టుకున్నది ఊరికే కాదు.

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, బోధన్‌కు చెందిన ఒక ప్రధానోపాధ్యాయురాలు నెల్లూరులో చిక్కుకున్న కొడుకు కోసం స్కూటీ మీద ఒంటరిగా బయల్దేరి, అతన్ని వెంటబెట్టుకుని మూడు రోజుల్లో ఇల్లు చేరారు. రానూపోనూ 1,400 కిలోమీటర్లు. హోటళ్లు మూతపడ్డ దారిలో ఆమెను నడిపించింది ఇంటి దగ్గర కట్టుకున్న రొట్టెల మూట. సద్దిమూటకు కాలం చెల్లలేదు.

ఈ దారిలో బైకు మీద పోయేవాళ్లకు ఇంకో సంగతి పనికొస్తుంది. రెండేళ్లకోసారి సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. దేవుడికీ సామాను ఉంది. కేసారం ఊరి నుంచి దేవరపెట్టెను గట్టుకు మోసుకొస్తారు. జనం కిక్కిరిసే ఆ రోజుల్లో హైదరాబాద్ నుంచి వచ్చే వాహనాలను నార్కట్‌పల్లి దగ్గర మళ్లించి, నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడలో మళ్లీ హైవే ఎక్కిస్తారు. ఆ చుట్టుదారిలో పోయేవాడు టావెర్నియర్ తిరిగిన నేలకు కాస్త దగ్గరగా పోతున్నట్టే.

రహదారి అన్న మాట పారసీ నుంచి వచ్చింది. మొదట దాని అర్థం రోడ్డు కాదు, రోడ్డు మీద వసూలు చేసే సుంకం, పోనిచ్చే అనుమతి. పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు, లారీలు ఇప్పటికీ ఆ సుంకం కట్టే కదులుతాయి. రెండు చక్రాల బండికి టోలు లేదు. ఎడమ అంచున దానికో సన్నటి సందు వదిలారు. సంచులు మరీ బయటికి కట్టుకోకండి, అందులో పట్టవు.