ఒక్క పిన్ను లాగితే విడిపోయే రైఫిల్: షార్ప్స్ కథ, బైసన్‌ల కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక పాత వేట తుపాకీని విప్పి చూద్దాం. చేతులతో కాదు లెండి, మాటలతో. తుపాకీ పేరు షార్ప్స్ రైఫిల్. దేశం అమెరికా. కాలం 1870లు. ఒకసారికి ఒక్క తూటానే పడుతుంది. పేల్చాక ఇంకోటి చేత్తో పెట్టుకోవాలి. సినిమాల్లో చూసే గన్‌ల పక్కన పెడితే ఇదేం తుపాకీ అనిపిస్తుంది. కానీ ఇలాంటి తుపాకులతోనే మైదానాల నిండా తిరిగిన ఒక జంతువుని పదిహేనేళ్లు తిరక్కుండా దాదాపు తుడిచిపెట్టేశారు. అదెలా కుదిరింది? ఈ తుపాకీని ఎలా విప్పుతారు, ఎలా కడుగుతారు అనే దాంట్లోనే జవాబులో ఒక ముక్క ఉంది.

ముందు యంత్రం సంగతి చూద్దాం. క్రిస్టియన్ షార్ప్స్ అనే అమెరికన్ 1848లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటిదాకా ఎక్కువ తుపాకులకి మందు, గుండు రెండూ గొట్టం మూతిలోంచే కూరేవాళ్లు. షార్ప్స్ వెనకవైపు నుంచి పెట్టేలా చేశాడు. పొలం కాలువకి తూము తలుపు ఉంటుంది చూడండి, గాడిలో పైకీ కిందకీ జరుగుతుంది. ఇక్కడా అంతే. బ్యారెల్ వెనక ఒక ఉక్కు దిమ్మ ఉంటుంది. ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీయే లీవర్. దాన్ని కిందకి లాగితే దిమ్మ కిందకి జారుతుంది, బ్యారెల్ వెనక నోరు తెరుచుకుంటుంది. తూటా లోపలికి తోసి, లీవర్ పైకి ఎత్తితే తలుపు మూసుకున్నట్టే. దీన్నే ఫాలింగ్ బ్లాక్ అంటారు.

మొదట్లో దీనికో తలనొప్పి ఉండేది. అప్పటి తూటాల పై తొడుగు కాగితమో గుడ్డో. పేలినప్పుడు వేడి గాలి దిమ్మ సందుల్లోంచి వెనక్కి తన్నేది. 1860ల చివర్లో లోహపు తూటాలు బాగా వాడుకలోకి వచ్చాయి. పేలినప్పుడు తూటా గొట్టమే ఉబ్బి ఆ సందుని మూసేస్తుంది. దాంతో ఆ లోపం పోయింది. తర్వాత 1874 మోడల్ అనే పేరుతో ప్రసిద్ధమైన రైఫిల్, బైసన్ వేటగాళ్లకి ఇష్టమైన పనిముట్టు అయింది. 0.50 అంగుళాల పెద్ద తూటా వాడే రకాన్ని ‘బిగ్ ఫిఫ్టీ’ అని పిలిచేవాళ్లు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అప్పటి తుపాకీ మందు అంటే సూరేకారం, బొగ్గు, గంధకం కలిపిన బ్లాక్ పౌడర్. ఇది పూర్తిగా కాలిపోదు. వేసిన మందు బరువులో సగానికి పైగా మసిగానో, పొగగానో, లవణాలుగానో మిగులుతుంది. కొంత పొగతో పోతుంది, కొంత బ్యారెల్ గోడకి పట్టేస్తుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా మూత తీసి పెడితే ఉప్పు చెమ్మగిల్లుతుంది కదా? ఈ మసి కూడా అలాగే గాల్లోని తేమని పీల్చుకుంటుంది. ఆ రాత్రి కడక్కుండా వదిలేస్తే తెల్లారేసరికి లోపల తుప్పు మొదలవుతుంది. బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాళ్లుంటాయి. గుండుని తిప్పి తిన్నగా పంపేవి అవే. అవి తుప్పు తింటే గురి పోయినట్టే.

అంటే ఆ రోజుల్లో వేటగాడికి తుపాకీ కడగడం అన్నం తిన్న కంచం కడగడం లాంటిది. రోజూ చెయ్యాల్సిందే. ఊరు లేదు, రిపేరు షాపు లేదు. కనుచూపు మేర గడ్డి మైదానం. అలాంటి చోట తుపాకీని విప్పడం కష్టమైతే వేట సాగదు.

ఇక్కడే షార్ప్స్ గెలిచింది. దీని కుడివైపు ముందు భాగంలో ఒక పిన్ను ఉంటుంది, దానికి చిన్న పిడి. ఆ పిన్నుని పట్టి ఉంచే చిన్న స్ప్రింగ్ మొనని నొక్కి, పిడిని తిప్పి, బయటికి లాగాలి. అంతే. లీవర్, దాంతోపాటు ఉక్కు దిమ్మ, ఖాళీ తూటాని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్, అన్నీ కిందినుంచి చేతిలోకి వచ్చేస్తాయి. స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

దిమ్మ తీసేశాక వెనకనుంచి చూస్తే బ్యారెల్ దూరదర్శినిలా ఆ చివరిదాకా కనిపిస్తుంది. వెనకనుంచే కడ్డీకి గుడ్డ చుట్టి తోయొచ్చు. మూతి వైపు నుంచి పదే పదే తోస్తే గొట్టం అంచు అరిగి గురి తప్పుతుంది. ఇక్కడ ఆ బాధ లేదు. ఈ మసిలోని లవణాలు నీళ్లలో కరుగుతాయి కాబట్టి ముందు నీళ్లు, తర్వాత పొడిగుడ్డ, చివర్లో కొవ్వో నూనో. మధ్యాహ్నం వేటలో బ్యారెల్ కాలిపోతుంటే కూడా నీళ్లు పోసి చల్లార్చేవాళ్లు. నీళ్లు దొరక్కపోతే మూత్రమే పోసేవారని కూడా చెప్పుకుంటారు. కొందరు రెండు రైఫిళ్లు పెట్టుకుని, ఒకటి చల్లారేలోపు రెండోది వాడేవాళ్లు.

మీకు డౌట్ రావచ్చు: ఒక్కో తూటా పెట్టి కాలిస్తే గుంపు పారిపోదా? పారిపోనివ్వకుండా కాల్చడమే వాళ్ల పని. రెండు మూడు వందల గజాల దూరంలో కూర్చుని, గుంపుని నడిపించే ఆడ బైసన్‌ని ముందు కొట్టేవాళ్లు. అది కూలబడితే మిగతావి ఎటు వెళ్లాలో తెలియక అక్కడే తిరుగుతాయి. ఇక నిదానంగా, ఒకదాని తర్వాత ఒకటి. ఇందులో వేగం కన్నా గురి ముఖ్యం. గురి నిలబడాలంటే బ్యారెల్ శుభ్రంగా ఉండాలి. ఒక వేటగాడి వెనక తోళ్లు ఒలిచే మనుషులు కొందరు ఉండేవాళ్లు. తోలు బండెక్కేది, మాంసం చాలావరకు అక్కడే కుళ్లేది.

అయితే తప్పంతా తుపాకీ మీదకి తోసేస్తే చరిత్ర సగమే చెప్పినట్టు. 1871 ప్రాంతంలో బైసన్ తోలుని ఫ్యాక్టరీ యంత్రాల బెల్టులకి పనికొచ్చేలా ఊనడం నేర్చుకున్నారు. 1872లో రైలు కాన్సాస్‌లోని డాడ్జ్ సిటీకి చేరింది. కొనేవాడు దొరికాడు, మోసే బండి దొరికింది, చెడిపోని పనిముట్టు ముందే ఉంది. ఈ మూడూ కలిశాయి.

నష్టం ఎవరికి? కొమాంచీ, కయోవా, షయాన్, లకోటా లాంటి జాతులకి బైసనే తిండి, బట్ట, గుడారం. 1874 జూన్ 27న టెక్సాస్‌లోని అడోబీ వాల్స్ దగ్గర వేటగాళ్ల మకాం మీద వందలాది మంది యోధులు దాడి చేశారు. వాళ్లలో కొమాంచీ నాయకుడు క్వానా పార్కర్ ఉన్నాడు. లోపల ముప్పై మంది కూడా లేరు. కానీ వాళ్ల చేతుల్లో దూరం కొట్టే రైఫిళ్లున్నాయి. దాడి ఫలించలేదు. ఆ తర్వాత సైన్యం దిగింది. 1875లో క్వానా తన మనుషులతో లొంగిపోయాడు. 1874లోనే బైసన్‌ని కాపాడే బిల్లు ఒకటి అమెరికా కాంగ్రెస్‌లో గెలిచినా, అధ్యక్షుడు గ్రాంట్ సంతకం పెట్టలేదు.

దక్షిణ మైదానాల గుంపులు 1870ల చివరికి, ఉత్తర గుంపులు 1883 నాటికి దాదాపు అయిపోయాయి. విలియం హార్నడే 1889లో లెక్క తీస్తే ఉత్తర అమెరికా మొత్తంలో తేలినవి 1,091. ఒకప్పుడు కోట్లలో ఉండేవని అంచనా. ఇంకో సంగతి చూడండి. షార్ప్స్ కంపెనీ 1881లో మూతపడింది. వరసగా తూటాలు పేల్చే రైఫిళ్లు వచ్చేశాయి, వేటాడ్డానికి బైసన్ కూడా మిగల్లేదు.

ఇప్పుడు ఆ తుపాకులు మ్యూజియాల్లో, సేకరించేవాళ్ల ఇళ్లలో ఉన్నాయి. వాటి సంరక్షణ పద్ధతి పూర్తిగా మారింది. మొదటి పని, లీవర్ తెరిచి లోపల తూటా లేదని కంటితో చూసుకోవడం. నూటయాభై ఏళ్లు పైబడినా ఈ నియమం మారదు. పిన్ను బిగుసుకుపోతే సుత్తితో కొట్టరు. సన్నని నూనె వేసి నానబెడతారు. స్క్రూ విప్పాల్సి వస్తే దాని గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరే వాడతారు, లేదంటే గాడి చెడిపోతుంది. చెక్క భాగానికి నూనె ఎక్కువైతే చెక్క మెత్తబడుతుంది. చేతి చెమటలో ఉప్పుంటుంది కాబట్టి గ్లౌజులు వేసుకుంటారు. అప్పటి ఉక్కు ఈనాటి ఘాటు మందు ఒత్తిడికి చేసింది కాదు, ఆ తూటాలు పెట్టి కాలిస్తే ప్రమాదం.

అన్నిటికన్నా పెద్ద తప్పు, గరుకు కాగితంతో తోమి కొత్తదానిలా మెరిపించడం. ఎర్రగా పొడి రాలే తుప్పుని ఆపాలి, నిజమే. కానీ ఏళ్ల తరబడి నిలకడగా ఉన్న గోధుమరంగు పొరని వదిలెయ్యాలి. లీవర్ మీద చేతి అరుగుదల, జీను మీద రాసుకుని నున్నబడిన చెక్క, మరకలు, ఇవన్నీ సాక్ష్యాలు. ఒకప్పుడు వేట ఆగకూడదని మసి కడిగారు. ఇప్పుడు ఆ వేట మనం మర్చిపోకూడదని గుర్తులని కడక్కుండా ఉంచుతున్నారు.

మన దగ్గర మాత్రం ఇలాంటివి మ్యూజియం అద్దం వెనక చూడటమే మేలు. లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకోవడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం.

అమెరికాలో చదువుకునే మన తెలుగు పిల్లలు యెల్లోస్టోన్ వెళ్లి, రోడ్డుకి అడ్డంగా నిలబడ్డ బైసన్‌లని రీల్స్‌లో పెడుతుంటారు కదా. 1902లో ఆ పార్కులో అడవి బైసన్‌లు రెండు డజన్ల లోపే మిగిలాయి. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. 2016లో బైసన్‌ని అమెరికా జాతీయ క్షీరదంగా ప్రకటించారు. ఈసారి అలాంటి రీల్ కనిపిస్తే, ట్రాఫిక్ ఆపిన ఆ దున్నని ఇంకో రెండు క్షణాలు చూడండి. అది ఆ రెండు డజన్ల నుంచి, జనం దొడ్లలో దాచి కాపాడిన మరికొన్నిటి నుంచి తిరిగొచ్చిన వంశం.

మీ ఊళ్లోనో, మీరు చూసిన మ్యూజియంలోనో ఇలా కథ చెప్పే పాత పనిముట్టు ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.