సెల్‌ఫోన్ చూపే హద్దు ఎంతవరకు నిజం?

పొలం ఆంధ్రలో, కాపురం ఇక్కడ. మన సంఘ సభ్యుల్లో ఇలాంటివారు తక్కువేమీ కాదు. బళ్లారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, నాగపూర్‌లో ఉన్నా తాతల నాటి ఎకరమో అరెకరమో అక్కడ మిగిలి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైన దగ్గర నుంచి మమ్మల్ని తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: గట్టు మీద నిలబడి సెల్‌ఫోన్ తీస్తే మ్యాపులో నీలం చుక్క పక్కవారి చేలో కనిపిస్తోంది, మన హద్దు జరిగిపోయినట్టేనా?

కాదు. ఆరుబయట, మబ్బూ చెట్టూ అడ్డం లేనప్పుడు కూడా మామూలు ఫోన్ సుమారు 5 మీటర్లు అటూ ఇటూ చూపుతుంది. నూరు మీటర్ల గట్టు మీద 5 మీటర్లు జరిగితే 500 చదరపు మీటర్లు. మన లెక్కలో 12 సెంట్లు దాటుతుంది, కర్ణాటక లెక్కలో దాదాపు 5 గుంటలు. అన్నదమ్ములు కోర్టుకెక్కడానికి అంత అక్కర్లేదు.

ఈ తేడా ఎందుకు వస్తుందంటే, ఫోన్ దూరాన్ని కాలంతో కొలుస్తుంది. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ తమ గడియారంలోని సమయాన్ని పంపిస్తుంటాయి. ఆ సంకేతం చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం లెక్క తేలుతుంది. సెకనులో పది లక్షలవ వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఫోన్‌లోని చవక గడియారం తప్పును కూడా సరిచేసుకోవాలి కనుక కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. 2000 మే నెల ఆరంభం వరకూ అమెరికావారు పౌరులకు అందే సంకేతాన్ని కావాలనే చెడగొట్టి పంపేవారు. అప్పట్లో నూరు మీటర్ల తప్పు మామూలే.

ఇప్పుడు మిగిలినవాటిలో పెద్ద చిక్కు ఆకాశానిదే. పైనున్న అయనోస్ఫియర్ అనే విద్యుదావేశ పొర సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది. భూమి అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది కాబట్టి ఆ పొర మన మీద దట్టంగానూ, నిలకడ లేకుండానూ ఉంటుంది. మధ్యాహ్నం ఆలస్యం ఎక్కువ. పొద్దుగుంకాక కొన్ని రోజులు సంకేతం మిణుకుమిణుకుమంటుంది. ఐరోపాకు సరిపోయిన లెక్క మనకు అంత బాగా సరిపోదు.

దీనికి మందు మాత్రం చాలా సాదా ఆలోచన. ముందే కచ్చితంగా కొలిచి పెట్టిన చోట ఒక యంత్రాన్ని కదలకుండా నిలపాలి. తాను ఎక్కడుందో దానికి తెలుసు. ఉపగ్రహాలు ఎక్కడుందంటున్నాయో చూస్తుంది. ఆ రెండింటి తేడాయే అప్పటి తప్పు. దాన్ని చుట్టుపక్కల యంత్రాలకు పంపితే అవి తమ లెక్కలోంచి తీసేసుకుంటాయి.

ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి కట్టిన 'గగన్' దేశమంతటికీ చేసే పని ఇదే. దాని 15 కొలత కేంద్రాల్లో బెంగళూరు, భువనేశ్వర్, నాగపూర్ ఉన్నాయి, అంటే మన మధ్యనే. వాటి లెక్కలన్నీ బెంగళూరు కుందలహళ్లికి చేరి, అక్కడి నుంచి జీశాట్ ఉపగ్రహాల ద్వారా దిగివస్తాయి. తప్పు సుమారు 3 మీటర్లకు తగ్గింది. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో విమానం ఒకటి గగన్ సాయంతో దిగింది. తీరాన ఉన్నవారు మరొకటి తెలుసుకోవాలి. ఫోన్ అందని సముద్రంలోకి తుఫాను హెచ్చరికలు పంపే 'జెమిని' పరికరం కూడా గగన్ మీదే నడుస్తుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సమాచారాన్ని అది పడవలోని ఫోన్‌కు అందిస్తుంది.

మన సొంత నావిక్ సంగతి రెండు మాటల్లో: తొలి ఉపగ్రహంలోని విదేశీ గడియారాలు ఆగిపోయాయి. 2023 మే 29న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎన్‌వీఎస్-01లో మనవారు చేసిన రుబీడియం గడియారం ఉంది.

అయితే పొలానికి 3 మీటర్లూ చాలదు. సర్వేవారు కర్ర మీద పట్టుకుని తిరిగే రోవర్, దగ్గరలోని స్థిర కేంద్రం నుంచి సవరణలు అందుకుంటూ, సంకేతపు అలనే కొలబద్దగా వాడుతుంది. ఆ అల పొడవు 19 సెంటీమీటర్లే కనుక, మధ్యలో ఎన్ని అలలున్నాయో తేలితే తప్పు రెండు మూడు సెంటీమీటర్లకు దిగుతుంది. ఇందాకటి గట్టు మీద అది రెండు మూడు చదరపు మీటర్లు. పాత గొలుసు కొలతకు ఇంత కచ్చితత్వం ఏనాడూ లేదు.

అలల లెక్క తేలిందో లేదో యంత్రమే చెబుతుంది. తెర మీద 'ఫిక్స్‌డ్' అని ఉంటే తేలినట్టు, 'ఫ్లోట్' అని ఉంటే ఇంకా తేలనట్టు. కొబ్బరితోటలో, మేడ గోడ పక్కన సంకేతం తగిలి తిరిగి రావడంతో చాలాసేపు ఫ్లోట్‌లోనే ఉంటుంది. అలా ఉన్నప్పుడు రాయి కొలత రాసుకుంటుంటే, కాసేపు ఆగి మళ్లీ కొలవమని అడగండి. అడిగితే తప్పేమీ లేదు.

ఎంత మంచి రోవరైనా రాయి ఎక్కడుందో చెబుతుంది గాని, అది సరైన చోటే పాతిందో లేదో చెప్పదు. ఆ సంగతి చెప్పవలసినవి దస్తావేజు, పాత ఎఫ్.ఎం.బి. నకలు, గట్టు ఎరిగిన పెద్దలు. సర్వే రోజున మీరు గాని, మీ తరఫున రాతపూర్వకంగా నియమించినవారు గాని అక్కడ ఉండాలి. అభ్యంతరం ఉంటే నోటితో చెప్పి రావద్దు. కాగితం మీద రాసి ఇచ్చి, తేదీ వేయించిన రసీదు తీసుకోండి.