క్లేటన్‌లో పాడీ పంటా: ఒక నేల ఎన్నిసార్లు చేతులు మారింది?

తెలుగులో పొలం గురించి చెప్పేటప్పుడు "పాడీ పంటా" అని జంటగా అంటారు. పాడి అంటే పాలిచ్చే పశువులు, వాటి వల్ల ఇంటికి వచ్చే పాలు, పెరుగు, నెయ్యి. పంట అంటే చేలో పండేది. పాడీ పంటా రెండూ ఉన్న ఇంటికి లోటు లేదని మన పెద్దవాళ్ళ నమ్మకం. ఈ సారి ఈ మాట పట్టుకుని మెల్‌బోర్న్‌లోని క్లేటన్ చరిత్ర చదువుకుందాం.

క్లేటన్ అనగానే మనకు మోనాష్ యూనివర్సిటీ గుర్తొస్తుంది. క్లేటన్ రోడ్డు మీద నడిస్తే తెలుగు కూడా వినబడుతుంది. కానీ నూరేళ్ళ క్రితం అక్కడ ఉన్నవి పొలాలు, కూరగాయల తోటలు, ఆవులు.

మొదట ఈ నేల కులిన్ ప్రజలది. 1835లో జాన్ బ్యాట్‌మన్ అనే ఆయన మెల్‌బోర్న్ ప్రాంతానికి వచ్చి, కులిన్ పెద్దల దగ్గర చాలా భూమి కొన్నానని కాగితాలు చూపించాడు. ఆయన ఇచ్చింది దుప్పట్లు, కత్తులు, గొడ్డళ్ళు, అద్దాలు, పిండి లాంటివి. అదే ఏడాది గవర్నర్ బోర్క్ ఆ ఒప్పందం చెల్లదన్నాడు. అయితే భూమి కులిన్ ప్రజలకు తిరిగి వెళ్ళలేదు. అది బ్రిటిష్ రాజుదేనని ప్రకటించాడు. ఇక్కడ క్రియాపదం జాగ్రత్తగా చూడండి. "కొన్నారు" అని రాస్తే ఒక చరిత్ర, "తీసుకున్నారు" అని రాస్తే ఇంకో చరిత్ర. నేను "తీసుకున్నారు" అని రాస్తాను.

తర్వాత ప్రభుత్వం ఆ భూమిని ముక్కలుగా అమ్మింది. కొన్నవాళ్ళలో జాన్ హ్యూస్ క్లేటన్ ఒకరు. ఆయన ఆస్తి పేరు క్లేటన్ వేల్. ఊరికి ఆయన పేరే మిగిలింది. 1880లో రైల్వే స్టేషన్ వచ్చింది. చుట్టుపక్కల కూరగాయల తోటలు పెరిగాయి. మెల్‌బోర్న్ ఆగ్నేయ శివార్ల రైతులు బండ్ల మీద కూరగాయలు నగరానికి తీసుకెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు గుర్రాల ఎరువు తెచ్చుకునేవారు. మనం నేర్చుకోవాల్సిన మాటలు ఇక్కడ ఉన్నాయి: ఆవుది పేడ, గుర్రానిది లద్దె, మేకవి పెంటికలు. ఇంగ్లీషులో అన్నిటికీ ఒకే మాటతో పని జరిగిపోతుంది. పశువులతో బతికిన భాషకు మాత్రం మూడు మాటలు కావాలి.

1907లో క్లేటన్‌లో ఒక వేరే రకం పొలం మొదలైంది. దాని పేరు టాల్బట్ కాలనీ. అది మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్ళ కోసం పెట్టింది. మూర్ఛను మన ఇళ్ళలో "ఫిట్స్" అంటారు. ఆ రోజుల్లో దానికి మంచి మందులు తక్కువ. బ్రోమైడ్ ఇచ్చేవారు, అది మనిషిని మందగించేలా చేసేది. ఎవరూ పని ఇచ్చేవారు కాదు. చాలామందిని పిచ్చాసుపత్రుల్లో పెట్టేవారు. అందుకే జర్మనీలో, ఇంగ్లండ్‌లో ఒక కొత్త ఆలోచన వచ్చింది: ఊరి బయట పొలం కొని, రోగులకు అక్కడే ఇల్లు, అక్కడే పని ఇవ్వాలి. గాలి, ఎండ, పాడీ పంటా, ఇవే వైద్యం. క్లేటన్ కాలనీ ఈ దారిలోనే నడిచింది.

ఇది దయా, దూరం పెట్టడమా? రెండూ అని నాకు అనిపిస్తుంది. వాళ్ళకు తిండి, నీడ, తోడు దొరికాయి. కానీ ఆ నేలను సాగు చేసినవాళ్ళకు ఆ నేల మీద హక్కు లేదు. మన వైపు "దున్నేవాడిదే భూమి" అనే నినాదం ఉంది. 1950లో హైదరాబాద్ రాష్ట్రంలో వచ్చిన కౌలుదారీ చట్టం, పొలం దున్నే కౌలురైతులకు రక్షణ ఇచ్చింది. (కౌలు అంటే ఇంకొకరి పొలాన్ని డబ్బుకో ధాన్యానికో తీసుకుని సాగు చేయడం.) టాల్బట్ పొలంలో పని చేసినవాళ్ళు కౌలుదారులు కూడా కాదు. వాళ్ళు రోగులు.

తర్వాత కాలం మారింది. 1912లో ఫినోబార్బిటాల్, 1938లో ఫెనిటోయిన్ వాడకంలోకి వచ్చాయి. మందులతో చాలామంది మామూలుగా బతకగలిగారు. నగరం కూడా క్లేటన్ దాకా పెరిగింది. 1954లో అక్కడ ఫోక్స్‌వ్యాగన్ కార్లు బిగించడం మొదలైంది. 1958లో మోనాష్ యూనివర్సిటీ చట్టం వచ్చింది. కొత్త యూనివర్సిటీకి సుమారు 250 ఎకరాలు కావాలి. దొరికింది టాల్బట్ కాలనీ నేల. 1961 మార్చిలో అక్కడ మొదటి విద్యార్థులు అడుగుపెట్టారు. టాల్బట్ పేరు ఇప్పుడు క్యూ అనే శివారులో ఒక పునరావాస ఆసుపత్రికి ఉంది.

250 ఎకరాలు అంటే ఎంత? ఎకరానికి 40 గుంటలు, కాబట్టి తెలంగాణ లెక్కలో 10,000 గుంటలు. ఎకరానికి 100 సెంట్లు, కాబట్టి ఆంధ్ర లెక్కలో 25,000 సెంట్లు. మీ ఇంట్లో ఏ లెక్క వాడతారో అడగండి, మీ ఊరు ఎటు వైపో తెలిసిపోతుంది.

పాత ఇంటితో సహా పొలం అమ్మకానికి ఉందని ఎక్కడైనా చూస్తే, ఆ ప్రకటనలో గదులు, ఎకరాలు, పశువుల సంఖ్య ఉంటాయి. ధర కూడా ఉంటుంది. మనం మూడు ప్రశ్నలు అడగాలి. అమ్మింది ఎవరు? కొన్నది ఎవరు? దున్నింది ఎవరు? మొదటి రెండు పేర్లు దస్తావేజులో దొరుకుతాయి. క్లేటన్‌లో ఊరి పేరు ఒక కొన్నవాడిది. అక్కడ ఆవుల పాలు పితికి, తోటకు నీళ్ళు పెట్టిన రోగుల పేర్లు ఏ వీధికీ లేవు.

మీ తాతగారి ఊళ్ళో కూడా ఏదో ఒక పొలం అమ్ముడుపోయే ఉంటుంది. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఎంతకు అమ్మారని అడిగేముందు, "మన పొలం ఎవరు దున్నేవారు తాతయ్యా?" అని అడగండి. జవాబు తెలుగులోనే రాసి పెట్టుకోండి.