జోంగాకు అసలు ఇంజను ఏది?

మన దేశంలో పాత బండ్లను బాగుచేసి నిలుపుకోవడం ఎలా మొదలైందో రాసినవాళ్లు దాదాపు అందరూ ఒకే దారి పట్టారు. ముందు సంస్థానాధీశుల గ్యారేజీలు, తర్వాత 1964లో ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక మొదలుపెట్టిన వింటేజ్ కార్ల ర్యాలీ, ఆపైన నగరాల్లో క్లబ్బులు, చివరికి ఆ మోజు జీపుల దాకా దిగిరావడం. ఈ కథలో మెకానిక్ మేస్త్రి కనిపించడు. ఎక్కడైనా కనిపించినా ముద్దాయిగానే నిలబడతాడు. అసలు ఇంజను పీకి పారేసి డీజిలుది బిగించినవాడు, లక్షణమైన బండిని పాడుచేసినవాడు.

రాజుల కార్లకు ఈ కథ సరిపోతుంది. ఆరో నిజాం పురమాయించిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. దర్జా కోసం చేయించిన బండి అది, బరువు మోయలేదు, బురద ఎరగదు. దాని అసలు రూపం ఇదీ అని వేలు పెట్టి చూపించవచ్చు. యుద్ధం కోసం పుట్టి, వేలంలో చేతులు మారి, పుంత దారుల్లో, ఘాట్ రోడ్ల మీద నలభై ఏళ్లు చాకిరీ చేసిన ఫోర్ వీల్ బండికి ‘అసలు’ అన్న మాట ఎంతవరకు అతుకుతుందన్నదే నా సందేహం.

తొలి అధ్యాయాలు అందరికీ తెలిసినవే, త్వరగా దాటేద్దాం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి సుమారు 6.4 లక్షల జీపులు తయారుచేశాయి. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన సరుకులో కొంత ‘డిస్పోజల్ జీపు’ అన్న పేరుతో మన ఊళ్లలోకి వచ్చింది. 1947లో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. తర్వాత లైసెన్సు మీద ఇక్కడే తయారీ. ఎత్తు బానెట్టు సీజే 3బీ అలా వచ్చిందే. బీడీఓ గారి జీపు, ఎస్సై గారి జీపు, ఎన్నికల జీపు, అన్నీ ఆ కుదురువే.

ఈ తొలిభాగంలో చరిత్రకారులు రాజకీయాల ఖాతాలో వేసి వదిలేసిన ఘట్టం ఒకటుంది. 1948లో లండన్‌లో మన హైకమిషనర్‌గా ఉన్న వి.కె.కృష్ణమీనన్ సైన్యం కోసం జీపులు కొనడానికి సుమారు 80 లక్షల రూపాయల ఒప్పందం చేసుకున్నారు. కొత్తవి కావు, వాడిన బండ్లను బాగుచేసి పంపాలి. వచ్చినవి 155. అవీ పనికిరానివని తేలింది. విచారణ సంఘానికి నాయకత్వం వహించినది మన తిరుపతి ప్రాంతపు మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ఆ సంఘం సూచనను పక్కనపెట్టి 1955 సెప్టెంబర్ 30న హోంమంత్రి గోవింద వల్లభ్ పంత్ వ్యవహారాన్ని మూసేశారు. దీన్ని అవినీతి కథగా చెప్పుకోవడం రివాజు. నాకైతే ఇందులో పాతబండి కథ కూడా కనిపిస్తుంది. ‘రీకండిషన్’ అన్న మాటకు బాధ్యత ఎవరిది, పైన రంగు వేసి పంపితే సరిపోతుందా, లోపల బేరింగులు చూసేదెవరు? డెబ్బై ఐదేళ్లు దాటినా వేలం యార్డుల దగ్గర ఈ తగువు ఇప్పటికీ తెగలేదు.

అదే మీనన్ రక్షణ మంత్రి అయ్యాక జబల్పూర్‌లో శక్తిమాన్ లారీల తయారీ మొదలైంది. 1969లో అక్కడే వెహికిల్ ఫ్యాక్టరీ వచ్చింది. సైన్యపు బండి జోంగా అక్కడి బిడ్డ. జబల్పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అన్న మాటల్లోంచి అక్షరాలు ఏరి కలిపితే వచ్చిన పేరది. బండి మాత్రం నిస్సాన్ పెట్రోల్ పీ60. (ఇక్కడ ‘పెట్రోల్’ అంటే గస్తీ, ఇంధనం అనుకుని పొరబడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.) జీపుకన్నా పొడవు, వెడల్పు, బరువు అన్నీ ఎక్కువే. ఆరు సిలిండర్లు, 3,956 సీసీ, తాగేది పెట్రోలు. లీటరుకు అయిదు కిలోమీటర్లు ఇస్తే యజమాని పండగ చేసుకునేవాడు. ఆ ఇంజను వంశం తవ్వుకుంటూ పోతే 1930లలో నిస్సాన్ అమెరికాలోని గ్రాహమ్ పేజ్ కంపెనీ దగ్గర కొన్న డిజైను దాకా వెళ్తుంది. అమెరికా బొమ్మ, జపాను పోత, జబల్పూరు బిగింపు. ఇలాంటిదాన్ని ముట్టుకోకూడని ‘మూలం’ అంటున్నాం.

తెలంగాణలో నిస్సాన్ అనగానే పెద్దవాళ్లకు జహీరాబాద్ గుర్తొస్తుంది. హైదరాబాద్ ఆల్విన్ వాళ్లు నిస్సాన్‌తో కలిసి 1980లలో అక్కడ చిన్న లారీలు చేశారు. జోంగాకూ దానికీ పేరు తప్ప పొత్తు లేదు. సామాను దొరుకుతుందని ఆశపడి తిరిగినవాళ్లను చూశాను కనుక చెబుతున్నాను.

ఇక అసలు తగువు. 1970ల నడుమ నుంచి 1990ల చివరిదాకా జీపుల్లో, వేలంలో వచ్చిన జోంగాల్లో పెట్రోలు ఇంజన్లు తీసేసి డీజిలువి పెట్టే పని జోరుగా సాగింది. ఇప్పటి సేకర్తల భాషలో అది ‘విధ్వంస కాలం’. చదువు లేని మేస్త్రులు, పిసినారి యజమానులు కలిసి వారసత్వాన్ని చెడగొట్టారన్నది వాళ్ల తీర్పు. అందులో నిజం బొత్తిగా లేదనను. ఎంతుందో తూచి చూడాలి.

మొదట ధర. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు బిగబట్టాక పెట్రోలు కొద్దిమంది సరుకైపోయింది. డీజిలు ధరను మాత్రం లారీల కోసం, మోటార్ల కోసం ప్రభుత్వం దశాబ్దాల పాటు అణచిపెట్టి ఉంచింది. పెట్రోలు ధర మీద అదుపు 2010 జూన్‌లో, డీజిలు మీద 2014 అక్టోబరులో తొలగింది. ఈ మధ్యకాలమంతా నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజనుతో జోంగా నడపగలిగింది సైన్యం ఒక్కటే. వేలంలో కొన్న రైతుకో, కంకర కాంట్రాక్టరుకో రెండే దారులు. ఇంజను మార్చాలి, లేదా బండిని తుక్కుకు తూచాలి. మార్చినవి మిగిలాయి. ఈనాడు మనం కాపాడుకుంటున్న జోంగాల్లో చాలా వాటికి ప్రాణం నిలిచింది ఆ ‘విధ్వంసం’ వల్లనే.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. తయారీదారులూ ఇదే పని చేశారు. మహీంద్రా 1970లలోనే ఇంటర్నేషనల్ ట్రాక్టరు డీజిలు ఇంజన్ని జీపులో కూర్చోబెట్టింది. తర్వాత ఫ్రాన్సు నుంచి ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 వచ్చింది, 2,112 సీసీ. సీజే 540 డీపీ అన్న పేరులోని డీపీ అంటే డీజిలు, ప్యూజో. జబల్పూరులోనూ అంతే. 1996లో హినో డీజిలు ఇంజనుతో కొన్ని జోంగాలను పౌరులకు అమ్మారు, కొద్దికాలమే. ఫ్యాక్టరీ మేస్త్రుల్ని చూసి నేర్చుకుందని నేననను. ఒకే ఇబ్బందికి ఇద్దరికీ ఒకే ఉపాయం తోచింది. అలాంటప్పుడు ఫ్యాక్టరీలో హినో పెడితే మోడలు, షెడ్డులో హినో పెడితే పాపం ఎలా అవుతుంది?

ఆ షెడ్డు పని తేలిక కాదు. ఇంజను వెనక ముఖం ఒకలా ఉంటుంది, గేర్ బాక్సు ముందు ముఖం మరోలా ఉంటుంది. రెండిటి మధ్య ఒక ఇనుప పళ్లెం లేత్ మీద తిప్పాలి. క్రాంకు నడిమి గీత, గేర్ బాక్సు షాఫ్టు నడిమి గీత ఒక్కటి కావాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా నెల తిరక్కుండా బేరింగు అరుస్తుంది. కింద సంపు ముందు ఇరుసుకు తగలకూడదు. కమాను కట్టలు పూర్తిగా నొక్కుకున్నప్పుడు కూడా తగలకూడదు. బరువెక్కువైన ఇంజనుకు ముందు కట్టలో మరో పట్టీ వేయాలి. బొమ్మలు, కొలతల పుస్తకాలు లేకుండా ఈ పని జరిగింది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టిన చేతులు, లేత్ తిప్పిన చేతులే జీపులకూ వచ్చాయి.

అంకెల్లో చూస్తే వాళ్లు ఎదుర్కొన్న చిక్కు తెలుస్తుంది. సీజే 3బీ వెనక ఇరుసులో క్రౌన్, పినియన్ నిష్పత్తి 5.38. అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి టాప్ గేరులో ఇంజను అయిదుంపావుకు పైగా చుట్లు తిరగాలి. పెట్రోలు ఇంజను గబగబా తిరుగుతుంది కనుక ఫరవాలేదు. 2,000 చుట్ల దగ్గర హాయిగా పనిచేసే ట్రాక్టరు తరహా డీజిలును అక్కడ పెడితే బండి గంటకు 50 కిలోమీటర్ల దగ్గర ఆయాసపడుతుంది. పాడేరు ఘాట్‌లో, మారేడుమిల్లి అడవిలో జనాన్ని ఎక్కించుకుని ఎక్కే జీపుకు ఆ వేగం చాలు, పైగా అడుగు గేరులో లాగుడు వరం. జాతీయ రహదారి ఎక్కినవాడికి అది శాపం. అందుకే కొందరు మేస్త్రులు వేరే నిష్పత్తి పళ్లచక్రాలు వెతికి మార్చారు. తెలివైనవాళ్లు ముందూ వెనకా రెండు ఇరుసుల్లోనూ మార్చారు. వెనకొక్కటే మార్చి ఊరుకున్నవాడి బండిలో ఫోర్ వీల్ వేయగానే ముందు చక్రాలు ఒక లెక్కలో, వెనకవి మరో లెక్కలో తిరగబోయి మధ్యలో గేరుపెట్టె పళ్లు రాలాయి.

మేస్త్రుల్ని పొగడడమే నా పని కాదని ఇక్కడే ఒప్పుకుంటున్నాను. బలమైన ఇంజను పెట్టి బ్రేకులు పాత డ్రమ్ములే ఉంచారు. ఛాసిస్ కోసి పొడిగించి బండికి పదిహేను మందిని ఎక్కించే సర్వీసు జీపులు చేశారు. అవి లోయల్లో పడ్డ వార్తలు మనం చదివాం. ముందు ఇరుసు చివర గిన్నెల్లో గ్రీజు సీలు ఎండిపోతే మార్చకుండా మరింత గ్రీజు కుక్కి పంపడం ఎక్కడా ఆగలేదు. ఇంకో మోసం ఈ మధ్యది. మహీంద్రా జీపుకు చదును బానెట్టు పెట్టి ‘1942 ఫోర్డ్’ అని లక్షలకు అమ్మడం. యుద్ధకాలపు బండికి వెనక తలుపు ఉండదు, స్టెప్నీ వెనక తగిలిస్తారు. ముందు జాలీకి తొమ్మిది సందులుంటాయి, పౌరుల జీపుకు ఏడు. ఛాసిస్ ముందు అడ్డపట్టీ విల్లీస్‌కు గుండ్రటి గొట్టం, ఫోర్డ్‌కు పలకలది. ఫోర్డ్ వాళ్లు బోల్టుల మీద కూడా తమ పేరులోని మొదటి అక్షరం గుద్దారు. ఇవి చూడకుండా కొన్నవాడి మీద జాలిపడగలను గానీ ఇలా అమ్మినవాణ్ణి ‘పునరుద్ధరణ నిపుణుడు’ అనలేను. ఇంజను మార్చిన మేస్త్రి ఆ సంగతి దాచలేదు. బానెట్టు ఎత్తితే ఎవరికైనా కనపడుతుంది.

తెలుగువాళ్లకు మార్చిన బండి అంటే చిన్నచూపు ఎప్పుడూ లేదు. 1982లో ఎన్టీఆర్ ఎక్కిన చైతన్యరథం పాత షెవర్లే వ్యాను. దాన్ని మార్చి కట్టారు, హరికృష్ణ నడిపారు. ఇది ఒరిజినలేనా అని ఆ రోజుల్లో రోడ్డు పక్కన నిలబడినవాళ్లలో ఎవరు అడిగారు?

ఇప్పుడు చట్టం అడుగుతోంది. తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా మార్చిన బండిని రిజిస్టరు చేయడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదు. 20,000 రూపాయలు కడితే నంబరులో వీఏ అక్షరాలతో పదేళ్ల గుర్తింపు. రక్షణ కోసం ఇలాంటి నియమం ఉండాలన్నది నిజమే, రోడ్డు మీద నా పిల్లలూ నడుస్తారు. కానీ ఈ నిర్వచనం చౌమహల్లా కారును చూసి రాసినట్టుంది. పని చేసిన బండి దీనికి అందదు. గోడౌనులో నిద్రపోయిన బండికే వారసత్వపు గౌరవం. ఇక 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలు తుక్కు కేంద్రాలకే పోవాలి. రక్షణ అవసరాల ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉన్నా, ఆఫీసు జీపులు వేలానికొచ్చి ఊరి మేస్త్రి చేతికి చేరే దారి మూసుకుపోయింది.

రంగు సంగతి మరీ విచిత్రం. సైనిక వాహనాలకు తప్ప ఎవరి బండికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది చెబుతుంది. అసలు రూపం చెడకూడదన్న ప్రభుత్వమే జోంగా అసలు రంగును నిషేధించింది.

2019లో ధోనీ ఒక జోంగా కొన్నాక దాని పేరు వినని కుర్రాళ్లు కూడా వెతకడం మొదలుపెట్టారు. ధరలు పెరిగాయి. పెట్రోలు ఇంజనే కావాలన్న పట్టుదలా పెరిగింది. ఈ పట్టుదల వెనక చరిత్ర మీద భక్తి ఉంటే సంతోషమే. డీజిలుకూ పెట్రోలుకూ ధరలో తేడా తగ్గిన తర్వాతే, ఆదివారం మాత్రమే బండి తీసేవాళ్లు వచ్చిన తర్వాతే అది మొలకెత్తిందని గమనించినప్పుడు మాత్రం నాకు నవ్వొస్తుంది. తరాలు మారినా రుచిని నడిపింది పెట్రోలు బంకు బోర్డే.

పోయిన ఏడాది హైదరాబాదు శివారులో ఒక షెడ్డుకు వెళ్లాను. 1978 నాటి జోంగా, లోపల హినో తీసేశారు. నిస్సాన్ ఇంజను ఎక్కడో పంజాబులో దొరికిందట, లారీలో వస్తోంది. 2028కి బండికి యాభై నిండుతాయని యజమాని లెక్క వేసుకున్నాడు. లెక్క మొదటి రిజిస్ట్రేషన్ నుంచి అని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. నేల మీద ఆ పాత ఇనుప పళ్లెం ఉంది, ఇంజనుకూ గేర్ బాక్సుకూ నడుమ పాతికేళ్లు నిలిచినది. మేస్త్రి దాన్ని కిరసనాయిలుతో తుడిచి అంచు మీద వేలు తిప్పాడు. వాళ్ల నాన్న తిప్పినదట. “సార్, ఇది తుక్కులో వేయమంటారా, బండితోపాటు ఇవ్వమంటారా?” అని అడిగాడు. యజమాని ఫోనులో కార్బ్యురేటర్ బేరమాడుతూ, ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యెత్తాడు.